ఏడుగురి ఆటకు ఎర్రకార్డు ఎందుకు?

సెరిబ్రల్ పాల్సీ ఉన్న మహిళల తొలి ఫుట్‌బాల్ ప్రపంచకప్ 2022 మేలో స్పెయిన్‌లోని సలో పట్టణంలో జరిగింది. ఆస్ట్రేలియాను ఓడించి అమెరికా కప్పు గెలిచింది. అంధ మహిళల ఫుట్‌బాల్‌కు తొలి ప్రపంచ ఛాంపియన్‌షిప్ 2023 ఆగస్టులో బర్మింగ్‌హామ్‌లో జరిగింది. అంటే ఏడాది తర్వాత. పారాలింపిక్స్ నుంచి సెరిబ్రల్ పాల్సీ ఫుట్‌బాల్‌ను తప్పించడం సబబేనని వాదించేవాళ్లు ఈ రెండు తేదీల జోలికి పోరు. పోతే వాళ్ల వాదన సగం కూలిపోతుంది.

1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉన్న ఆట ఇది. 2016 రియోలో ఇరాన్‌ను ఓడించి ఉక్రెయిన్ స్వర్ణం గెలిచింది. అదే ఆఖరు. ఆ వేటు రియోకు ముందే, 2015 జనవరిలో పడింది. టోక్యో క్రీడల జాబితా ఖరారు చేస్తూ అంతర్జాతీయ పారాలింపిక్ కమిటీ ఈ ఆటను, సెయిలింగ్‌ను తీసేసి బ్యాడ్మింటన్, తైక్వాండోలను చేర్చింది. పాత సంస్థ నుంచి ఈ ఆట బాధ్యతలు తీసుకుని కొత్త అంతర్జాతీయ సమాఖ్య మొదలైందీ ఆ నెలలోనే. బోణీ అయినా కాకముందే దుకాణం మూయించారన్నమాట. తర్వాత పారిస్‌లోనూ చోటు దక్కలేదు. 2028 లాస్ ఏంజెలెస్‌కు కొత్తగా క్లైంబింగ్‌ను తీసుకున్నారు తప్ప దీన్ని వెనక్కి పిలవలేదు.

కమిటీ చెప్పిన కారణం, ఆట ప్రపంచమంతా తగినంతగా విస్తరించలేదని. జట్టు క్రీడ అయితే కనీసం మూడు ప్రాంతాల్లో, 24 దేశాల్లో క్రమం తప్పకుండా ఆడుతుండాలన్నది నిబంధన. నిబంధన ఉండాల్సిందే, కాదనలేం. నాలుగు దేశాలు ఆడుకునే ఆటకు పతకాలు పంచలేరు కదా. కానీ చాలా ప్రభుత్వాలు పారాలింపిక్ జాబితా చూశాకే నిధులు, కోచ్‌లు, శిబిరాల సంగతి ఆలోచిస్తాయి. జాబితాలోంచి పేరు కొట్టేసి, ఇంకో పాతిక దేశాల్లో పెరిగి రమ్మంటే ఎలా?

కమిటీని సమర్థించే వ్యాఖ్యాతలు ఇంకో అడుగు ముందుకేశారు. అది మగవాళ్ల ఆట, స్త్రీ పురుష సమానత్వం చూడాలి కదా అంటారు. రియోలో సెరిబ్రల్ పాల్సీ ఫుట్‌బాల్‌లో ఎనిమిది జట్లున్నాయి, అన్నీ పురుషులవే. అదే రియోలో అంధుల ఫుట్‌బాల్‌లోనూ ఎనిమిది జట్లే, అన్నీ పురుషులవే. 2024లో పారిస్‌లో ఈఫిల్ టవర్ పక్కన కట్టిన మైదానంలో అంధుల ఫుట్‌బాల్‌కు మళ్లీ ఎనిమిది పురుషుల జట్లు దిగాయి. మహిళల విభాగం లేదు. అంధుల ఆట ఉండాల్సిందే, దాన్ని తీసేయమనడం లేదు. సమానత్వమే కొలబద్ద అయితే ఒకే కొలబద్దతో కొలవండి అంటున్నాం. మహిళల ప్రపంచకప్ 2022లో జరిపిన ఆట బయట, 2023లో జరిపిన ఆట లోపల. సలోలో ఆడింది కొద్ది జట్లేగా అని తీసిపారేసేవాళ్లున్నారు. తొలి కప్పుకు ముప్పై జట్లు ఎక్కడి నుంచి వస్తాయి?

పరుగులు, ఈత, బోచా ఉన్నాయిగా, వాళ్లకు అవి చాలవా అన్నది మరో మాట. ఆట చూడనివాళ్లు అనే మాట అది. సెరిబ్రల్ పాల్సీలో మెదడు నుంచి కండరాలకు వెళ్లే ఆజ్ఞలు తడబడతాయి. ఒక ఆటగాడికి కుడిచేయి మోచేతి దగ్గర ముడుచుకుపోయి ఉంటుంది, మడమ నేలకు ఆనదు. వేగంగా పరిగెత్తేకొద్దీ ఆ కాలు ఇంకా బిగుసుకుంటుంది. ఇంకొకరికి తూకం నిలవదు, బంతి కాలి దగ్గరికొచ్చిన క్షణంలోనే ఒళ్లు అదుపు తప్పుతుంది. ఆట నియమాలను ఇలాంటి శరీరాలను చూసే రాశారు. జట్టుకు ఏడుగురు, సగానికి 30 నిమిషాలు, ఆఫ్‌సైడ్ లేదు. త్రో-ఇన్ రెండు చేతులతో విసరలేకపోతే ఒంటిచేత్తో బంతిని దొర్లించవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైనది ఆటగాళ్ల వర్గీకరణ. వైకల్యం ఎక్కువగా ఉన్న ఎఫ్‌టీ1 ఆటగాడు ప్రతి జట్టులో కనీసం ఒకరు మైదానంలో ఉండి తీరాలి, వైకల్యం బాగా తక్కువున్న ఎఫ్‌టీ3 ఆటగాళ్లు ఒకరికి మించకూడదు. బలహీనుణ్ని బెంచీ మీద కూర్చోబెట్టి గెలవడానికి వీల్లేని ఆట ఇది. ఒంటరిగా ఈదే ఈతలో దీనికి బదులు దొరకదు.

మూసిన తలుపు మళ్లీ తెరవడం కమిటీకి తెలియక కాదు. 2000 సిడ్నీలో మేధో వైకల్య విభాగం బాస్కెట్‌బాల్‌లో స్పెయిన్ స్వర్ణం గెలిచాక, ఆ జట్టులో 12 మందిలో పది మందికి ఏ వైకల్యమూ లేదని బయటపడింది. దాంతో ఆ విభాగాన్నే పక్కనపెట్టారు. పరీక్షా పద్ధతులు బిగించి 2012 లండన్‌లో తిరిగి తెచ్చారు. అలా తెచ్చారు కాబట్టే 2024లో పారిస్‌లో వరంగల్ జిల్లా కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగం 400 మీటర్లలో కాంస్యం గెలవగలిగింది. అక్కడ జరిగింది పచ్చి మోసం, అయినా రెండో అవకాశం ఇచ్చారు. ఇక్కడ మోసం ఊసే లేదు, అవకాశమూ లేదు.

ఢిల్లీ కూడా ఇదే బాట పట్టింది. 2023 డిసెంబరులో తొలి ఖేలో ఇండియా పారా క్రీడలను ఏడు అంశాలతో నిర్వహించారు, వాటిలో సెరిబ్రల్ పాల్సీ ఫుట్‌బాల్ ఒకటి. 2025 మార్చిలో రెండోసారి ఆరు అంశాలే మిగిలాయి. ఎగిరిపోయింది ఫుట్‌బాలే. పతకం రాని ఆటకు పైసా దండగ అనుకున్నారా? అనుకుంటే ఆ మాట బాహాటంగా చెప్పాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఉంది, ఆ పిల్లలకు ఆడే హక్కు పారాలింపిక్ జాబితాను బట్టి రాదు. కమిటీ వచ్చే జాబితా తయారుచేసేటప్పుడు 2022 సలోను, 2023 బర్మింగ్‌హామ్‌ను ఒకే కాగితం మీద పెట్టుకోవాలి. ఫుట్‌బాల్‌ను ఖేలో ఇండియాలో మళ్లీ చేర్చడానికి మాత్రం కేంద్ర క్రీడాశాఖ ఆ కమిటీ అనుమతి కోసం ఆగనక్కర్లేదు. తెలుగు రాష్ట్రాలు కూడా దివ్యాంగ పిల్లల కోసం నడిపే తమ భవిత కేంద్రాల్లో ఫిజియోథెరపీకి వచ్చే పిల్లల్లో ఎంతమంది చేత ఇప్పటిదాకా బంతి తన్నించారో లెక్క తీసి బయటపెట్టాలి.