ఆమ్ల వర్షం: మనం చెప్పని సగం పాఠం



ఆమ్ల వర్షం గూర్చి మనం పిల్లలకు చెప్పే పాఠం సాధారణంగా ఒకే తీరున సాగుతుంది. బొగ్గు మండినప్పుడు, లోహపు ఖనిజాన్ని కరిగించినప్పుడు వెలువడే పొగలో గంధక, నత్రజని ఆక్సైడులు ఉంటాయి. అవి మేఘంలోని నీటితో కలిసి ఆమ్లాలుగా మారి వర్షంతో పాటు నేలకు దిగుతాయి. దానివలన తాజ్ మహల్ పాలరాయికి హాని కలుగుతుంది, చేపలు చనిపోతాయి, అడవులు ఎండుతాయి. అక్కడితో పాఠం సమాప్తం. "ఆమ్ల వర్షము వలన కలుగు నష్టములేవి?" అన్న ప్రశ్నకు నాలుగు మార్కుల జవాబు సిద్ధమవుతుంది. ఆ తరువాత ఆ సరస్సులు ఏమైనవని పిల్లవాడు అడగడు, మనమూ చెప్పము. నా నివేదన ఒక్కటే. చెప్పకుండా వదలిన ఆ సగమే పిల్లలకు ఎక్కువ అవసరం. దానిని తెలుగులో చెప్పవలసిన బాధ్యత మనది.

పాడైన సరస్సు బాగుపడుతుందా? బాగుపడుతుంది. అయితే విషం ఆగిన మరునాడే కాదు. ఈ రెండు వాక్యాల నడుమ ఉన్న దూరమే అసలు పాఠం.

దీనిని బోధించుటకు ప్రయోగశాల అక్కరలేదు. పసుపు, సున్నం, నిమ్మకాయ చాలు. పసుపు నీటిలో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి చూసిన ప్రతి తెలుగు బిడ్డకూ తెలుసు. రెండు గాజు గ్లాసులలో పసుపు నీరు పోయండి. ఒకదానిలో చిటికెడు సున్నం, రెండవదానిలో అంతకు నాలుగు రెట్లు కలపండి. (సున్నం కంట పడకుండా పెద్దలే కలపాలి.) రెండూ ఎర్రబడతాయి. ఇప్పుడు రెండింటిలోనూ నిమ్మరసం చుక్కలు సమానంగా వేస్తూ పోండి. మొదటి గ్లాసు త్వరగానే పసుపు రంగుకు తిరుగుతుంది. రెండవది చాలాసేపు ఎర్రగానే నిలుస్తుంది. సున్నపురాయి నేలలోని సరస్సు రెండవ గ్లాసు వంటిది. గట్టి గ్రానైటు మీద పలుచని మట్టి పొర గల సీమలోని సరస్సు మొదటి గ్లాసు వంటిది. స్వీడన్, నార్వే, కెనడా దేశాలలోనూ, అమెరికా ఈశాన్య రాష్ట్రాలలోనూ సరస్సులు ముందుగా దెబ్బతినుటకు కారణం ఇదే.

ప్రయోగం ఇక్కడ ఆపవద్దు. పసుపు రంగుకు తిరిగిన గ్లాసును అలాగే ఉంచి పిల్లలను అడగండి: "నిమ్మరసం వేయడం మానేశాము కదా, నీరు మళ్ళీ ఎర్రబడుతుందా?" ఎర్రబడదు. ఖర్చయిన సున్నం తిరిగి రావాలి. ప్రకృతిలో ఆ సున్నం రాయి అరిగి, మట్టిగా మారి, కొంచెం కొంచెంగా నీటిలో చేరడం వలన వస్తుంది. అది ఏళ్ళ తరబడి, ఒక్కొక్కచోట తరాల తరబడి జరిగే పని.

ఇది గ్లాసులో చూపే పోలిక మాత్రమే కాదు. అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో హబ్బర్డ్ బ్రూక్ అనే అడవి ఉన్నది. అక్కడ జీన్ లైకెన్స్, హెర్బర్ట్ బోర్మన్ ప్రభృతులు 1963 నుండి వాన నీటిని, వాగు నీటిని పరీక్షించసాగారు. ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ మానంలో 7 తటస్థం. గాలిలోని బొగ్గుపులుసు వాయువు కరగడం వలన మామూలు వాన కూడా 5.6 దగ్గర ఉంటుంది. ఆ అడవిలో కురిసిన వాన 4 కు చేరువలో ఉండెను. ఈ మానంలో ఒక అంకె తగ్గితే ఆమ్లత్వం పదిరెట్లు పెరిగినట్లని పిల్లలకు మరువక చెప్పాలి. అప్పుడే 5.6 కు, 4 కు గల భేదం ఎంతటిదో తెలుస్తుంది.

1970 నాటి చట్టం వలన, 1990 నాటి సవరణల వలన అమెరికాలో గంధకపు పొగ తగ్గుతూ వచ్చింది. 1990 తో పోలిస్తే నేడు అక్కడి విద్యుత్ కేంద్రాల నుండి వెలువడే సల్ఫర్ డయాక్సైడ్ 90 శాతానికి పైగా తగ్గింది. వాన మెరుగుపడింది. కాని వాగు వెంటనే మెరుగుపడలేదు. దశాబ్దాల పాటు కురిసిన ఆమ్లం మట్టిలోని కాల్షియంను కడిగివేసిందని లైకెన్స్ బృందం 1996 లో ప్రకటించింది. కాల్షియం తరిగిన మట్టి నుండి అల్యూమినియం కరిగి వాగులలో చేరుతుంది. అది చేపల మొప్పలకు పట్టి ఊపిరి ఆడనీయదు. 1999 లో ఆ అడవిలోని ఒక వాగు పరీవాహక ప్రాంతమంతటా హెలికాప్టరుతో కాల్షియం ఖనిజపు గుళికలు చల్లారు. అటుపిమ్మట అక్కడి మేపుల్ చెట్లు తేరుకున్నాయి. చెట్లకు కరవైనది ఏమిటో దానితో రుజువైంది.

నీరు బాగుపడిన తరువాత ప్రాణుల వంతు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో పరిశోధనలకై కేటాయించిన సరస్సులు కొన్ని ఉన్నాయి. వాటిలో 223వ సంఖ్య గల సరస్సులో డేవిడ్ షిండ్లర్, ఆయన సహచరులు 1976 నుండి ఏటేటా గంధకామ్లం కలుపుతూ 6.8 గా ఉన్న పీహెచ్‌ను క్రమంగా 5.0 కు దించారు. పెద్ద ట్రౌట్ చేపలు మొదట ఆమ్లానికి చావలేదు. వాటికి ఆహారమైన చిన్న రొయ్యజాతి ప్రాణులు, చిరుచేపలు ముందుగా మాయమయ్యాయి. తిండి లేక ట్రౌట్లు చిక్కి శల్యమయ్యాయి. చివరకు ఆ సరస్సులో ఏ జాతి చేపకూ సంతానం నిలువలేదు. ఆమ్లం తగ్గించిన పిదప నీరు కోలుకున్నది, చేపలు తిరిగి పిల్లలు పెట్టసాగాయి. కలిపిన ఆమ్లంలో కొంత భాగాన్ని సరస్సు అడుగు బురదలోని సూక్ష్మజీవులే విరిచివేశాయని కూడా ఆ పరిశోధనలో తేలింది. అనగా అవకాశమిస్తే సరస్సు తన వైద్యం తాను కొంత చేసుకోగలదు.

అయితే చేపలు మిగిలి ఉంటేనే పిల్లలు పెడతాయి. పూర్తిగా అంతరించిన చోటికి మరొక సరస్సు నుండి వాగు దారి ఉండాలి, లేదా మనుష్యులు తెచ్చి వదలాలి. స్వీడన్‌లో 1970ల చివరి నుండి వేలాది సరస్సులలో సున్నపురాయి పొడి వేస్తూ వచ్చారు. దక్షిణ నార్వేలో సాల్మన్ చేప అంతరించిన కొన్ని నదులలో సున్నం వేసిన తరువాత అది తిరిగి వచ్చింది. ఒంటారియోలోని కొన్ని సరస్సులలో మాత్రం ఆమ్లం తగ్గినా కాల్షియం కొరత తీరలేదు. పెంకుకు కాల్షియం ఎక్కువ కావలసిన డాఫ్నియా అనే చిన్న ప్రాణులు తగ్గి, ఒంటిచుట్టూ జిగురు పొర గల మరొక జాతి పెరిగింది. నీరు కోలుకున్నంత మాత్రాన పాత సరస్సే తిరిగి వచ్చిందని అనలేము.

ఇక మనుష్యులు చేసిన పని. ఒంటారియోలోనే సడ్బరీ అనే ఊరు నికెల్ గనులకు, కొలిమిలకు ప్రసిద్ధి. ఆ పొగకు చుట్టుపక్కల కొండలు నల్లబడి బోడివయ్యాయి, వేల సరస్సులు ఆమ్లమయమయ్యాయి. 1972 లో 381 మీటర్ల ఎత్తున పొగగొట్టం కట్టారు. ఊరి గాలి తేలికపడింది గాని గంధకం మరింత దూరం పోయి పరుల సరస్సులపై పడింది. పొగను ఎత్తుకు పంపడం వేరు, తగ్గించడం వేరు అన్న సంగతి పిల్లలకు ఇంతకంటె సులువుగా చెప్పలేము. తరువాత ప్రభుత్వ నిబంధనలు బిగిసి, కర్మాగారాలు పద్ధతులు మార్చుకొని, పొగలోని గంధకాన్ని 90 శాతానికి పైగా తగ్గించాయి. 1978 వేసవిలో విద్యార్థులను పనిలో పెట్టుకొని బోడి కొండలపై సున్నపురాయి పొడి చల్లించారు. 2022 నాటికి అక్కడ నాటిన మొక్కలు కోటికి చేరాయి. పీహెచ్ 4 దాపున ఉండిన కొన్ని సరస్సులు నేడు 6 దాటాయి. ఆ ఎత్తైన గొట్టాన్ని 2020 లో వాడుక నుండి తొలగించారు.

మన దేశం మాటేమిటని మీరడుగవచ్చు. ఇక్కడి గాలిలోని ధూళిలో చాలాచోట్ల కాల్షియం ఉండి ఆమ్లాన్ని కొంత విరుస్తుంది కనుక మనకు ఆ దేశాల అవస్థ రాలేదు. కాని పైన చెప్పిన రెండవ గ్లాసు కూడా తరగని నిధి కాదు. బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలో గంధకానికి 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం పరిమితి విధించింది. గడువు పలుమార్లు పొడిగించారు. 2025 జూలైలో అధిక భాగం కేంద్రాలకు గంధకం తొలగించే యంత్రాలు అమర్చే నిబంధన నుండి మినహాయింపు ఇచ్చారు. అది ఉచితమా, కాదా అని పెద్దలు వాదించుకోవచ్చు. ఆ వాదన అర్థమయ్యే జ్ఞానం రేపటి పౌరులకు ఉండాలి కదా. నష్టాల పట్టిక మాత్రమే వల్లించిన పిల్లవానికి అది ఉండదు.

"ఇది సైన్సు పంతులు పని, తెలుగు పంతులుకెందుకు?" అని కొందరు అనవచ్చును. హోసూరులోనైనా, బళ్ళారిలోనైనా, బరంపురంలోనైనా, షోలాపురంలోనైనా మన పిల్లలలో చాలామంది శాస్త్ర విషయాలను మరొక భాషలో చదువుతున్నారు. వారికి తెలుగు గంటలో పద్యాలు, పండుగ వ్యాసాలు మాత్రమే దొరికితే, తెలుగు ఇంటికి, పండుగకు సరిపోయే భాష గాని ఆలోచనకు కాదని వారు నిశ్చయించుకుంటారు. వారి తప్పు అందులో లేదు. ఆమ్లం, క్షారం, సున్నం, మొప్ప, ఒండ్రు, వాగు. ఈ మాటలన్నీ మన వద్ద ఉన్నవే. పీహెచ్, కాల్షియం వంటివాటిని ఉన్నవి ఉన్నట్లు తీసుకుందాం, నామోషీ లేదు.

భాష విషయంలోనూ ఇదే క్రమం కనిపిస్తుంది. అడ్డంకి తొలగినంత మాత్రాన, ఒక బడిలో తెలుగు తరగతి మళ్ళీ తెరిచినంత మాత్రాన, చదువరులు తిరిగి రారు. ఎక్కడో ఒక ఇంట తెలుగు పుస్తకం చదివే అలవాటు మిగిలి ఉండాలి. ఆ ఇంటికీ బడికీ దారి ఉండాలి. తల్లిదండ్రులకు నా మనవి ఇదే. ఈ ఆదివారం మీ వంటింటిలో ఆ రెండు గ్లాసుల ప్రయోగం చేయించి, చూసినది పది వాక్యాలలో తెలుగున వ్రాయించండి. ఉపాధ్యాయులు ఆ వ్యాసాలను తరగతిలో చదివించి, "నష్టములేవి?" అన్న పాత ప్రశ్న పక్కన "బాగుపడుటకు ఏమేమి జరుగవలెను?" అన్న కొత్త ప్రశ్న చేర్చండి.