కుట్ర వాదన, మాత్ర లెక్క

డోపింగ్ కేసులో లాయరు ఎంత నేర్పరైనా మూత్ర నమూనాలోని అంకెలను దాటలేడు. సోనీపత్ సాయ్ కేంద్రంలో శిక్షణ పొందిన మల్లయోధుడు నర్సింగ్ యాదవ్ విషయంలో జరిగిందదే. 2016 జూన్ 25న తీసుకున్న నమూనాలో మెథాండైనోన్ అనే స్టెరాయిడ్ బయటపడింది. గిట్టనివాళ్లు కలిపారని ఆయన వాదన. ఢిల్లీలో నాడా క్రమశిక్షణ సంఘం నమ్మింది. ఆగస్టు 1న నిర్దోషిగా తేల్చింది. వాడా అప్పీలుకు వెళ్లింది. రియోలో క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం ముందు నిపుణుల సాక్ష్యం వేరేలా పలికింది: నీళ్లలో కలిపిన పొడితో అంత గాఢత రాదు, ఒకటి రెండు మాత్రలు మింగితేనే వస్తుంది. ఆగస్టు 18న, బరిలో దిగాల్సిన ముందురోజు, నాలుగేళ్ల నిషేధం పడింది.

మందు ఒంట్లోకి ఎలా చేరిందో చూపాల్సిన భారం క్రీడాకారుడిదే. తిరుగులేని రుజువు అక్కర్లేదు, అలా జరిగి ఉండే అవకాశమే ఎక్కువని చూపితే చాలు. ఆ మాత్రానికైనా మోతాదు ఎంత, ఎన్ని రోజుల్లో విసర్జన అవుతుంది అన్న లెక్క కావాలి. ఫీజు కట్టడమే గగనమైన పల్లె కుర్రాడికి ఆ లెక్క ఎవరు వేసిపెడతారు? విచారణ సంఘంలో వైద్యులుంటారు నిజమే, కానీ స్టెరాయిడ్ విశ్లేషణ వేరే విద్య. ఏ పక్షానికీ చెందని నిపుణుణ్ని తొలి విచారణలోనే ప్రభుత్వ ఖర్చుతో పిలవాలి. మాత్రల లెక్క ఢిల్లీలోనే తేలి ఉంటే, నర్సింగ్‌కు విమానం ఎక్కకముందే విషయం తెలిసేది.