టికెట్టు మీది గంటలు

తాడేపల్లిగూడెం నుండి ఉమ్రాకు బయలుదేరుతున్న ఒక పెద్దాయన కుమారుణ్ణి వెంటబెట్టుకొని మదర్సాకు వచ్చారు. టికెట్టు నా ముందుంచి, "మౌల్వీ సాబ్! శంషాబాద్‌లో పది గంటలకు ఎక్కితే జిద్దాలో ఒంటిగంటంబావుకు దిగుతామట. మూడుంబావు గంటల దారేగా! జొహర్ మన వేళకే విమానంలో చదివేసుకుంటాను" అన్నారు. కుమారుడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఆ లెక్కతో ఆయన నమాజు ఒకటి పోయేలా ఉంది.

టికెట్టు మీద బయలుదేరే వేళ మనది, దిగే వేళ సౌదీది. రెండింటికీ రెండున్నర గంటల తేడా. కనుక ప్రయాణం నిజానికి అయిదుముప్పావు గంటలు. దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. విమానం పడమరకు పోతూ ఉంటుంది గనుక ఆ పగలు సాగుతుంది. చేతి గడియారం ఒంటిగంటంబావు చూపేసరికి అరేబియా సముద్రం దాటి ఒమన్ ప్రాంతపు ఆకాశంలో ఉంటారు. అక్కడ సూర్యుడు అప్పటికింకా నడినెత్తికి రాడు. ఏలూరు మస్జిదు పట్టికను నమ్మి అప్పుడు చదివిన జొహర్, వేళ కాకముందు చదివిన నమాజే. అది చెల్లదు, తిరిగి చదవాలి. రమజాన్‌లో ఇఫ్తార్ సంగతీ ఇంతే. కిటికీలో సూర్యుడు కనబడుతుండగా మన ఊరి వేళ చూసి ఖర్జూరం నోట వేసుకోరాదు.

మన కొల్లేటి లంకల్లో పూర్వం పెద్దలు దూరాన్ని దోనె ప్రయాణపు పూటలతో చెప్పేవారు. మన ఫిఖహ్ గ్రంథాలలోనూ ముసాఫిర్ దూరం మూడు రోజుల నడకే. ఉలమా దానిని 48 మైళ్ళుగా, అంటే సుమారు 77 కిలోమీటర్లుగా లెక్కగట్టారు. విమానం ఆ దూరాన్ని పది నిమిషాలలోపే దాటేస్తుంది. అయినా ఖస్ర్ సౌకర్యం తొలగిపోలేదు. శంషాబాద్ చేరేదాకా ఆగనక్కర లేదు; ఊరి పొలిమేర దాటగానే ముసాఫిరే, రైల్లో చదివే ఇషా ఫర్జు రెండు రకాతులే. మక్కాలో పదిహేను రోజులు లేదా అంతకు మించి ఉండాలని సంకల్పించుకుంటే మాత్రం అక్కడ పూర్తిగా చదవాలి.

ఇక అసలు భయం ఇహ్రామ్ గురించి. ఓడల కాలంలో (మన దేశం నుండి ఆ ప్రయాణాలు 1995తో ఆగిపోయాయి) యలమ్లమ్‌కు ఎదురుగా వచ్చేముందు స్నానానికీ, సంకల్పానికీ తీరిక దొరికేది. ఇప్పుడు విమానం సాధారణంగా తూర్పు నుండి, ఖర్నుల్ మనాజిల్ వైపుగా వస్తుంది. మీఖాత్ కొద్ది క్షణాల్లో దాటిపోతుంది, అదీ దిగడానికి ముందే. జిద్దాలో దిగి కట్టుకుందామనుకుంటే ఆలస్యమైపోయినట్టే; తిరిగి మీఖాత్‌కు వెళ్ళాలి, లేదా దమ్ ఇవ్వాలి.

ఆ పెద్దాయన ఇహ్రామ్ వస్త్రాలను పెద్ద పెట్టె అడుగున సర్దారట! అది విమానం పొట్టలోకి పోతుంది, దారిలో చేతికి రాదు. శంషాబాద్‌లోనే కట్టుకొని, నియ్యత్, తల్బియా మాత్రం విమానం ఎక్కాక, మీఖాత్‌కు గంట ముందే చేసుకోండని చెప్పాను. ముందుగా చేసుకుంటే దోషం లేదు.

కుమారుడు ఫోనులో ఏదో రాసుకున్నాడు. ఇంటికి వెళ్ళగానే పెట్టె విప్పిస్తానన్నాడు.