పేరు రాయని కానుక



2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన పలాస వైపు తీరం దాటినప్పుడు మా మందిరం రేకులు ఎగిరిపోయాయి. కొబ్బరి, జీడి తోటలు పడిపోయిన ఊళ్లో కానుకలు అడగడానికి మాకు నోరు రాలేదు. 2019 ఎన్నికల ముందు ఒక అభ్యర్థి తరఫు మనిషి వచ్చాడు. రేకుల ఖర్చంతా ఇస్తామన్నాడు. పేరు మాత్రం పుస్తకంలో రాయొద్దన్నాడు. కుడిచేతి దానం ఎడమచేతికి తెలియకూడదని మీ ప్రభువే చెప్పాడు కదా అని నవ్వాడు. మేము తీసుకున్నాం. ‘ఒక దాత’ అని రాశాం.

ఏడాది చివర లెక్క చదువుతుంటే, వారం వారం పది రూపాయలు వేసే ముసలి సహోదరి లేచింది. “నా పదికి పేరు రాసినారు. ఆ పేరు నేని డబ్బులు ఎవులివి అయ్యగారూ?” మేము తల వంచుకున్నాం.

ప్రభువు రహస్యంగా ఇవ్వమన్నది బీదలకు, తిరిగి ఏమీ ఆశించకుండా. ఓటు ఆశించి ఇచ్చేవానికి ఆ మాట చెల్లదు. యెరూషలేము పేదల కోసం పోగైన సొమ్మును పౌలు ఒక్కడే చేతబట్టలేదు. దేవుని యెదుటే కాదు, మనుష్యుల యెదుట కూడా నింద రాకూడదని సంఘాలు ఏర్పరచిన సహోదరుణ్ణి తోడు తీసుకున్నాడు (2 కొరింథీ 8).

దేశంలోనూ ఇదే జరిగింది. 2018లో వచ్చిన ఎన్నికల బాండ్లతో, ఇచ్చినవారి పేరు ప్రజలకు తెలియకుండానే పార్టీలకు సొమ్ము చేరింది. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. తెలుసుకోవడం ఓటరు హక్కు అన్నది. అడగడానికి ఆ ముసలమ్మకు మాత్రం కోర్టు అవసరం లేకపోయింది.

అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలు, లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు దాటి ఖర్చు పెట్టకూడదు. పార్టీ ఖర్చుకు మాత్రం హద్దు లేదు. అభ్యర్థి తన లెక్కను ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. నియమం ప్రకారం ఒక్క రూపాయి రుసుము కట్టి ఎవరైనా ఆ లెక్క చూడొచ్చు. శ్రీకాకుళంలోనైనా, విజయనగరంలోనైనా మనలో ఎంతమంది వెళ్లి చూశాం? వలస వెళ్లినవాళ్లను ఓటుకు తెచ్చిన బస్సులెన్నో, మన వీధిలో భోజనాలెన్నో మన కళ్లకు తెలుసు. అవి ఆ పుస్తకంలో ఉన్నాయా?

అయితే అడిగే ముందు మన పుస్తకం శుభ్రంగా ఉండాలి. 2024లో మరొకరు వచ్చారు. మేము పుస్తకం, పెన్ను ఆయన ముందు పెట్టాం. రేపు వస్తానన్నారు, రాలేదు. మందిరానికి రావలసిన మైకు రాలేదు. గొంతెత్తి చెప్పుకుంటున్నాం.

ఆ పాత రేకులు ఇంకా మా తలమీదే ఉన్నాయి. వాన పడ్డప్పుడల్లా ఆ సహోదరి ప్రశ్నే వినిపిస్తుంది. ప్రియులారా, పేరు చెప్పని చేతి నుంచి మీ సంఘాలు ఏమీ తీసుకోవద్దు. ఆ తర్వాత ఒక్క రూపాయి పట్టుకొని వెళ్లి, మీ ఓటు అడిగినవారి లెక్క చూడండి.

ప్రభువు మనకు వెలుగులో నడిచే ధైర్యం ఇచ్చును గాక. ఆమేన్.