హార్మోన్ మందు పనిచేయకపోతే ఇక దారి లేదా?

ప్రొస్టేట్ క్యాన్సర్ హార్మోన్ ఇంజెక్షన్లకు లొంగడం లేదని డాక్టరు చెప్పగానే మన ఇళ్లలో పెద్దాయనను ఇంటికి తెచ్చేసుకుంటున్నారు. అంత తొందర వద్దని మా మనవి.

అబిరాటిరాన్ మాత్రలు జనరిక్‌గా దొరుకుతున్నాయి. మామూలుగా రోజుకు 1000 మిల్లీగ్రాములు, పరగడుపున. 72 మందిపై జరిగిన ఒక చిన్న అధ్యయనంలో (2018) 250 మిల్లీగ్రాములు తేలికపాటి టిఫినుతో వేసుకున్నా పీఎస్ఏ దాదాపు అంతే తగ్గింది. మందు ఖర్చు నాలుగో వంతు! డాక్టరును అడగండి, సొంతంగా మాత్ర తగ్గించకండి.

రెండోది లుటీషియం-177. క్యాన్సర్ కణాన్ని వెతికి పట్టుకుని అక్కడే రేడియేషన్ ఇస్తుంది. పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్‌లో కణాలు కనబడిన వారికే పనికొస్తుంది. 831 మందిపై జరిగిన పరీక్షలో సగటు ఆయుష్షు 11.3 నెలల నుంచి 15.3కు పెరిగింది, 2022లో అమెరికా అనుమతించింది. నాలుగు నెలలేనా అంటారేమో, మనవరాలి పెళ్లి పెట్టుకున్న ఇంటివారిని అడగండి. ఈ లుటీషియం మన ట్రాంబే రియాక్టరులోనూ తయారవుతోంది.

బీఆర్‌సీఏ జన్యులోపం ఉంటే ఒలాపరిబ్ మాత్రలున్నాయి. ఆ పరీక్షను మాత్రం దాచకండి. అదే లోపం కూతుళ్లకు వస్తే రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. సంబంధాలు తప్పిపోతాయని తండ్రి రిపోర్టును బీరువాలో పెట్టేస్తే నష్టపోయేది ఆ పిల్లలే.

మన పెద్దలు డాక్టరు కన్నడంలోనో ఒడియాలోనో మరాఠీలోనో ఏం చెప్పినా తల ఊపి వస్తారు. మూత్రం సంగతి కోడలి ముందు అసలే చెప్పరు. కొడుకో అల్లుడో వెంట వెళ్లి, ఈ మూడు మందుల పేర్లూ చీటీ మీద రాసుకుని అడగండి.