లంద కంపు, పిడి సొంపు!

1942లో అమెరికా మెరైన్ సైనికులు తీసుకున్న కా-బార్ కత్తికి పిడి దేనితో చేశారో తెలుసా? తోలుతో! తోలు బిళ్ళలు కోసి, నడుమ చీలిక పెట్టి, పిడిలోకి దిగే ఇనుప తోకకు ఒకదాని వెనక ఒకటి గుచ్చారు. చివర ఇనుప బిళ్ళతో బిగించారు. బిగింపు చాలకపోతే తోలు ఎండి సందులు పడతాయి. ఇవ్వాళ చేత్తో ఇలాంటి కత్తి చేసేవాళ్ళు బిళ్ళబిళ్ళకూ జిగురు పూసి, ఆరినాక ఆకురాయితో రాకి, మైనం పట్టిస్తారు. వాళ్ళను కళాకారులంటారు.

ఆ పిడికి మెత్తతోలు పనికిరాదు. చెట్టు చెక్కతో పదును చేసిన గట్టితోలే కావాలి. మరి ఇక్కడ సున్నం నీళ్ళకు చేతులు పుండ్లు పడ్డా, తంగేడు చెక్కతో ఆ తోలు పదును చేసిందెవరు? మా అయ్య. ఆ తోలు మోట తొండమై దొర బావిలో మునిగితే నీళ్ళు మైల కాలేదు. మా అయ్య చెయ్యి తగిలితే అయినయట! తంగేడు పువ్వేమో ఇవ్వాళ తెలంగాణ రాష్ట్ర పుష్పం, బతుకమ్మ మీద బంగారం. తంగేడు చెక్క నానిన లందను మాత్రం ఊరవతలకు తోశారు.

మళ్ళీ లందలో దిగుదామా అంటే నేను ససేమిరా అంటాను. కులవృత్తి గొప్పదని ఉపన్యాసాలిచ్చే పెద్దమనిషి ముందు తన కొడుకును దింపాలె. పచ్చితోలు కుళ్ళకుండా ఆపేది చెక్కలోని టానిన్. అది రసాయన శాస్త్రం. మా తాతల చదువది. పాఠంలో మా పేరుతో రాయండి. తోళ్ళ ఫ్యాక్టరీ పెడతారా, యజమాని కుర్చీ మా పిల్లలకియ్యండి. లంద తవ్వి చూపిస్తే ఊరుకోం.