ఒరిజినల్ పొగకు సర్టిఫికెట్

పాత జీపుల సంగతి వచ్చిన చోటల్లా ఒక మాట తిరుగులేని సత్యంలా చెలామణీ అవుతోంది. ఇంజన్ మార్చిన బండి విషం కక్కుతుందట, కంపెనీ ఇంజన్ ఉన్న బండి శుభ్రమట. రవాణా శాఖ నడిచేది ఈ లెక్క మీదే. పర్యావరణం గురించి రాసేవాళ్లలో చాలామంది దాన్నే తిరగరాస్తున్నారు. చివరికి జీపుల పిచ్చి ఉన్నవాళ్లు కూడా లోలోపల దీన్ని ఒప్పేసుకున్నారు. "ఆదివారం పూట కొండెక్కే బండి, మమ్మల్ని వదిలెయ్యండి సార్" అన్న బతిమాలుడు దగ్గరే వాళ్ల వాదన ఆగిపోతుంది. ఎవరినీ వదిలెయ్యక్కర్లేదు. తనిఖీ చెయ్యమనే నేనూ అంటున్నాను, ఇప్పటికంటే గట్టిగా చెయ్యమంటున్నాను. అయితే పాత జీపులో తగిన కొత్త ఇంజన్‌ని దాని సరంజామా అంతటితో బిగిస్తే గాలికి మేలే జరుగుతుంది. ఆ పనిని నేరంగా మార్చిన మన చట్టం వల్ల భద్రంగా ఉంటున్నది ఆర్సీ కాగితం ఒక్కటే.

ఒక బండిని ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకుందాం. 1980ల మధ్యలో మహీంద్రా వాళ్లు ఎంఎం 540 తెచ్చారు. అందులో ఉన్నది ప్యూజో లైసెన్సుతో చేసిన ఎక్స్‌డీపీ 4.90 ఇంజన్: 2,112 సీసీ, 62 హార్స్‌పవర్. డీజిల్ నేరుగా పిస్టన్ మీద పడదు, సిలిండర్ హెడ్‌లోని చిన్న గదిలో మంట మొదలై అక్కణ్నుంచి సిలిండర్‌లోకి వస్తుంది. చలికాలం పొద్దున్నే హీటర్లు ఎర్రబడేదాకా తాళం పట్టుకుని కూర్చోవాలి. మొండి ఇంజన్, దానికి వంక పెట్టలేం. కానీ అది పుట్టిన నాటికి డీజిల్ బండి కిలోమీటరుకి ఇన్ని గ్రాములకు మించి కాలుష్యం వదలకూడదన్న నియమమే ఈ దేశంలో లేదు. డీజిల్ బళ్లకు అలాంటి పరిమితి మొదట వచ్చింది 1992లో. యూరప్ ప్రమాణాల బాట పట్టిన 2000లో డీజిల్ కారు వదిలే మసికి పెట్టిన హద్దు కిలోమీటరుకి 0.14 గ్రాములు. భారత్ స్టేజ్ (బీఎస్) 6 వచ్చిన 2020 ఏప్రిల్ నాటికి అది 0.0045కి దిగింది. ముప్పై రెట్ల తేడా! ఆ లెక్క మొదలయ్యే గీతకు కూడా అవతల ఉన్న ఇంజన్ మన ఎక్స్‌డీపీ.

ఇప్పుడు అదే మహీంద్రా 2011 ప్రాంతంలో బొలెరోలో పెట్టిన 2,523 సీసీ కామన్‌రైల్ ఇంజన్‌ని చూడండి. బీఎస్ 4కి ధ్రువీకరణ పొందింది. డీజిల్ ఎప్పుడు, ఎంత చిమ్మాలో కంప్యూటర్ చెబుతుంది. వాడిన పొగలో కొంత ఈజీఆర్ వాల్వ్ గుండా వెనక్కి తిరుగుతుంది, మిగిలింది క్యాటలిటిక్ కన్వర్టర్ దాటి బయటికి వస్తుంది. శక్తి ఎంత? అదీ సుమారు 63 హార్స్‌పవరే. ఈ ఇంజన్‌ని కంప్యూటర్, వైరింగు, కన్వర్టర్, సైలెన్సర్‌తో సహా 1986 నాటి జీపులో కూర్చోబెట్టినవాడు గాలికి చేసిన ద్రోహమేమిటో ఎవరైనా చెప్పాలి. చట్టం దృష్టిలో మాత్రం వాడు నేరస్థుడు. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలోకి వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పక్కనే నల్లగా పొగ వదులుతూ పోయే ఒరిజినల్ బండి యజమాని చేతిలో పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంటుంది.

ఆ సర్టిఫికెట్ ఎలా వస్తుందో కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే అసలు మోసం అక్కడే ఉంది. డీజిల్ బండికి చేసే పరీక్ష పేరు ఫ్రీ యాక్సిలరేషన్. బండిని న్యూట్రల్‌లో నిలబెట్టి, సైలెన్సర్ గొట్టంలో గొట్టం పెట్టి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా చివరిదాకా తొక్కుతారు. ఇలా కొన్నిసార్లు తొక్కి, పొగ ఎంత వెలుతురిని అడ్డుకుందో మీటరు చెబుతుంది. బీఎస్ 4 కంటే ముందు బళ్లన్నిటికీ హద్దు 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు. 1986 జీపుకీ 65, 2009లో కొన్న బీఎస్ 3 బండికీ 65. బీఎస్ 4 బళ్లకు అది 50. నైట్రోజన్ ఆక్సైడ్లను ఈ పరీక్ష కొలవనే కొలవదు. ఇంజన్ మీద బరువు ఉండదు. పాడేరు ఘాట్‌లో మనుషుల్నీ మూటల్నీ ఎక్కించుకుని రెండో గేరులో మూలుగుతూ ఎక్కే సర్వీసు జీపు వదిలే పొగకూ, పెట్రోలు బంకు పక్కన రేకుల గదిలో ఖాళీగా నిలబెట్టి వదిలించిన పొగకూ పోలికే లేదు. పరీక్షకు ముందు డీజిల్ పంపు స్క్రూ తగ్గించి, సర్టిఫికెట్ చేతికి రాగానే మళ్లీ పెంచడం షెడ్లలో అందరికీ తెలిసిన విద్య. బండి రాకుండానే నంబరు ప్లేటు ఫొటోతో కాగితం వచ్చే కేంద్రాల సంగతి నేను చెప్పనక్కర్లేదు, పాఠకుల్లో కొందరి డ్యాష్‌బోర్డులోనే ఆ కాగితాలు ఉంటాయి.

ఇంతా చేసి ఈ పరీక్షలో ఎవరూ బానెట్ ఎత్తరు. అంటే లోపల ఏ ఇంజన్ ఉందో పొల్యూషన్ కేంద్రానికి తెలియదు. లోపల ఏ ఇంజన్ ఉందో చూసే ఆర్టీఓ ఆఫీసు అది ఎంత పొగ వదులుతుందో కొలవదు. ఒకరు పొగ చూస్తారు, ఒకరు నంబరు చూస్తారు, రెండూ కలిపి చూసేవాళ్లు లేరు. "మార్చిన ఇంజన్ అంటే కాలుష్యం" అన్న నమ్మకం ఈ ఖాళీలోంచే పుట్టింది. కొలిచి తేల్చినవాళ్లెవరూ లేరు.

మన దగ్గర ఎప్పుడూ ఇలాగే లేదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ మొదట ఉన్న తీరు వేరు. బండిలో మార్పు చేసుకోదలచినవాడు రిజిస్టరింగ్ అధికారికి తెలియజెయ్యాలి, అనుమతి తీసుకోవాలి, అంతే. పెట్రోలు తెగ తాగేసి యజమానిని ముంచేస్తున్న పాత విల్లీస్ జీపుల్లో డీజిల్ ఇంజన్లు బిగించి ఆర్సీలో ఎక్కించుకున్న కాలం అది. 2000లో ఆ సెక్షన్‌ని మార్చేశారు. ఆర్సీలోని వివరాలు తయారీదారు మొదట చెప్పినదానికి భిన్నంగా ఉండేలా ఏ మార్పూ చెయ్యకూడదన్నారు. మార్పుల విషయంలో కాస్త ఉదారంగా ఉన్న కేరళ హైకోర్టు తీర్పును 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కొట్టేసి ఈ అర్థాన్నే ఖాయం చేసింది. చదివితే తీర్పులో తప్పు పట్టేందుకు ఏమీ లేదు. ఉన్న చట్టాన్ని ఉన్నట్టు చెప్పారు. తప్పు చట్టం రాసినవాళ్లది.

అదే సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది, నా వాదనకు అదే పెద్ద సాక్ష్యం. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వేరే ఇంధనానికి మారడానికి ఆమోదం పొందిన కిట్ వేసుకోవచ్చు. అంటే తయారీదారు పెట్టినదాన్ని పీకి, మోటారూ బ్యాటరీలూ పెట్టుకోవడానికి పరీక్షలున్నాయి, ప్రమాణాలున్నాయి, ఆర్సీలో నమోదు చేసే పద్ధతి ఉంది. ఇంత పెద్ద మార్పును తనిఖీ చెయ్యగలిగిన వ్యవస్థకు, డీజిల్ తీసి అంతకంటే శుభ్రమైన డీజిల్ పెట్టడాన్ని తనిఖీ చెయ్యడం చేతకాదంటే నమ్మమంటారా?

గాలి విషయంలో ప్రపంచంలోకెల్లా కఠినమైన చోటని పేరున్నది కాలిఫోర్నియా. శాన్‌హోజేలోనో ఫ్రీమాంట్‌లోనో ఉంటున్న మనవాళ్లకు స్మాగ్ చెక్ (పొగ తనిఖీ) నోటీసు అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. 1984లో మొదలైన ఆ తనిఖీ పాత బళ్లకు రెండేళ్లకోసారి వచ్చి పడుతుంది. అలాంటి రాష్ట్రం ఇంజన్ మార్పిడిని నిషేధించలేదు. షరతులు పెట్టింది. వేసే ఇంజన్ బండి పుట్టిన సంవత్సరానిదో, ఆ తర్వాతదో అయి ఉండాలి, వెనకటిది పనికిరాదు. అదే తరగతి బండిది కావాలి. పెద్ద లారీ ఇంజన్ తెచ్చి జీపులో పెడతానంటే కుదరదు. ఆ ఇంజన్‌కి పుట్టినచోట ఉన్న కన్వర్టర్, సెన్సర్లు, ఆవిరి పట్టే డబ్బా, కంప్యూటర్, అన్నీ కొత్త ఇంట్లోనూ ఉండాలి, పనిచెయ్యాలి. బండిని రెఫరీ అనే తనిఖీదారు దగ్గరికి తీసుకెళితే అతను బానెట్ ఎత్తి ఒక్కొక్కటీ చూసి, సరిగ్గా ఉంటే తలుపు చట్రం మీద ఒక లేబుల్ అంటిస్తాడు. అప్పటి నుంచి ఆ బండిని ఆ కొత్త ఇంజన్ ప్రమాణాలతోనే పరీక్షిస్తారు. 1980ల నాటి టొయోటా ల్యాండ్‌క్రూజర్ ఎఫ్‌జే60లో కార్బురేటర్ ఇంజన్ తీసి జనరల్ మోటార్స్ వీ8 వేసుకుని, ఈ గడప దాటి, ఎడారి బాటల్లో తిరిగేవాళ్లున్నారు. అక్కడి జీపులవాళ్లు రెఫరీని తిట్టుకుంటూ ఉంటారు, అది వేరే విషయం. తిట్టుకోవడానికైనా వాళ్లకొక రెఫరీ ఉన్నాడు.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి, రెండూ తేలిగ్గా తీసిపారేసేవి కావు. మొదటిది దొంగతనం. ఇంజన్ నంబరు మార్చుకోనిస్తే దొంగబళ్ల ఇంజన్లకు రాచబాట వేసినట్టేనని పోలీసులు అంటారు. నిజమే, ఇంజన్ నంబరు ఆర్సీలోకి ఎక్కడానికి ముఖ్య కారణమే అది. కానీ దానికి మార్పిడినే నిషేధించడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే. ఏ ఇంజన్ ఏ బండిదో వాహన్ డేటాబేసులో ఉంది. 2021 నుంచి తుక్కు చేసే కేంద్రాలకూ రిజిస్ట్రేషన్ ఉంది, అక్కడ బండి అప్పగిస్తే డిపాజిట్ సర్టిఫికెట్ ఇస్తారు. ఇంజన్ ఇచ్చిన బండి ఆర్సీ రద్దయినట్టు రుజువు చూపిస్తేనే కొత్త బండిలో నమోదు చేస్తామంటే సరిపోతుంది. ఇప్పుడు ఢిల్లీ మాయాపురి తుక్కు బజారు నుంచి కాగితం లేకుండా దిగుతున్న ఇంజన్లు నిషేధం ఉన్నా దిగుతూనే ఉన్నాయి. దారి మూసేసరికి కాగితం మాయమైంది, ఇంజన్ కాదు.

రెండోది బ్రేకులు. ఇది నేను పూర్తిగా ఒప్పుకునే అభ్యంతరం. అరవై హార్స్‌పవర్‌కి తగ్గట్టు చేసిన చట్రం, నాలుగు డ్రమ్ము బ్రేకులు, కమాను పట్టీలు ఉన్న బండిలో దానికి రెండింతల శక్తి పెట్టి హైవే ఎక్కితే అది ఆత్మహత్య, పక్కవాడికి హత్య. అందుకే శక్తికి ఒక హద్దు పెట్టమనాలి, దాటినవాడి బ్రేకులు, స్టీరింగు పరీక్షించమనాలి. పైన చెప్పిన బొలెరో ఇంజన్ ఆ హద్దులోపలే ఉంటుంది.

జీపు ప్రియులకు కూడా నాలుగు మాటలు అనకపోతే ఈ వ్యాసం ఏకపక్షమవుతుంది. కామన్‌రైల్ ఇంజన్ తెచ్చి, కన్వర్టర్ "ఊపిరి పట్టేస్తోంది" అని పీకి, ఈజీఆర్‌కి రేకు ముక్క బిగించి, కంప్యూటర్‌లో లెక్కలు మార్చి నల్లటి పొగ వదలడాన్ని మగతనంగా చూపించుకునే ముఠా మీలో ఉంది. ఆ బండి పాత ఎక్స్‌డీపీ కంటే కూడా హీనం. మీ మీద నిషేధం ఉండాలనేవాళ్ల చేతికి కర్ర అందిస్తున్నది వాళ్లే. ఇంకో సంగతి: వింటేజ్ ముసుగులో తప్పించుకుందామనుకోకండి. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటి, చట్రం, బాడీ, ఇంజన్ మారకుండా ఉన్న బండికే ఆ హోదా. రోజువారీ తిరుగుడుకి దానితో అనుమతి రాదు.

ఇక మిగిలింది మెకానిక్కులు చాలాకాలంగా చెప్పే సాకు. మన డీజిల్‌లో గంధకం ఎక్కువ, కొత్త ఇంజన్ల కన్వర్టర్లు పల్లెల్లో బతకవు అనేవారు. ఒకప్పుడు అది సాకు కాదు, నిజం. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా అమ్ముతున్నది పదిలక్షల్లో 10 భాగాలకు మించి గంధకం లేని బీఎస్ 6 డీజిల్. హైదరాబాద్ బంకులోనూ అదే, అరకు బంకులోనూ అదే. దాన్ని శుభ్రంగా కాల్చగల ఇంజన్ పక్క షెడ్డులో దొరుకుతుంది, బిగించగల మెకానిక్ ఉన్నాడు, చూసి సంతకం పెట్టాల్సిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి మాత్రం ఆ పనికి దరఖాస్తు ఫారమే లేదు.